గేరు మార్చే చేయి: క్రీడాకార్లు, మోటారు పందేలలో మాన్యువల్ - ఆటోమేటిక్ వ్యవస్థలు

వ్యాససంగ్రహం:

మోటారు వాహనంలో ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే గేరుపెట్టె మనిషి చేతితో నడవాలా, యంత్రమే నడుపుకోవాలా అన్న చర్చ దాదాపు ఎనిమిది దశాబ్దాలుగా సాగుతున్నది. క్రీడాకార్లలోను, మోటారు పందేలలోను ఈ చర్చ మరింత తీవ్రం. అక్కడ సెకనులో పదోవంతు కూడా జయాపజయాలను నిర్ణయిస్తుంది. ‘మాన్యువల్’, ‘ఆటోమేటిక్’ అన్న రెండు మాటలతోనే ఈ విషయాన్ని విభజించడం చాలదని, గేరు మార్పులో ఇమిడి ఉన్న మూడు పనులను విడదీసి చూస్తేనే చరిత్ర, నియమావళి, నైపుణ్యం అర్థమవుతాయని ఈ వ్యాసం వివరిస్తుంది. గుమ్మఘట్ట చేలలోని ట్రాక్టరు, పెనుకొండ కార్ల కర్మాగారం, 2023 నాటి హైదరాబాద్ విద్యుత్ కార్ల పందెం ఇందుకు ఆధారాలుగా స్వీకరించబడ్డాయి.

కీలకపదాలు: గేరుపెట్టె, క్లచ్చి, టార్క్, జంట క్లచ్చి, ఐఎంటీ, ఫార్ములా వన్, ఫార్ములా ఈ, పెనుకొండ, చోదక నైపుణ్యం.

1. ఉపోద్ఘాతం:

అనంతపురం జిల్లా పడమటి అంచున, రాయదుర్గానికి సమీపంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం గుమ్మఘట్ట. వేదావతి నదిపై కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉన్నది. అయినా ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ జిల్లాలో సేద్యం చాలావరకు ఆకాశం మీదే ఆధారపడి ఉంటుంది. పదును తప్పితే విత్తు తప్పుతుంది. కాబట్టి వాన పడిన రెండు మూడు రోజుల్లో దుక్కి ముగించడానికి రైతు ట్రాక్టరును ఆశ్రయిస్తాడు.

గేరు అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ ట్రాక్టరే తొలి పాఠం. గట్టి నేలలో నాగలి దించి దున్నేటప్పుడు డ్రైవరు ‘లో’ గేరులో గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో నడుపుతాడు. అదే ట్రాక్టరుకు ట్రైలరు తగిలించి వేరుశనగ మూటలను మార్కెట్టుకు తోలేటప్పుడు ‘హై’ గేరులో పాతిక కిలోమీటర్లు దాటిస్తాడు. ఇంజను మారలేదు, దాని శక్తి మారలేదు. ఆ శక్తిని బలంగా వాడుకోవాలా, వేగంగా వాడుకోవాలా అన్న నిర్ణయం మాత్రమే మారింది. ఆ నిర్ణయం ఎవరిదన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

2. గేరు ఆవశ్యకత:

పెట్రోలు లేదా డీజిలు ఇంజను అన్ని వేగాల వద్దా సమానంగా పనిచేయదు. మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది, మరీ వేగంగా తిరిగితే దెబ్బతింటుంది. ఈ రెండు హద్దుల నడుమ ఒక పరిమిత పరిధిలోనే దాని మెలితిప్పు బలం, అనగా టార్క్, పూర్తిగా లభిస్తుంది. చక్రం మాత్రం సున్నా నుంచి అత్యధిక వేగం వరకు అన్ని స్థితులలోనూ తిరగవలసి ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదే గేరుపెట్టె.

ఒక సరళమైన లెక్కతో దీనిని గ్రహించవచ్చు. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు నిమిషానికి 1000 మీటర్లు సాగుతుంది, చక్రం 500 సార్లు తిరుగుతుంది. ఇరుసు దగ్గరి చివరి నిష్పత్తి 4 అనుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 3.5 అయితే ఇంజను నిమిషానికి 7000 సార్లు తిరగాలి. మూడవ గేరు నిష్పత్తి 1.3 అయితే 2600 సార్లు, ఐదవ గేరు నిష్పత్తి 0.8 అయితే 1600 సార్లు చాలు. ఒకే వేగంలో ఇంజను అరవవచ్చు, మామూలుగా పలకవచ్చు, గొణగవచ్చు. ముందరి వాహనాన్ని దాటాలంటే మొదటి రెండు స్థితులకు దగ్గరగా ఉండాలి, ఇంధనం మిగలాలంటే చివరి స్థితికి పోవాలి. పందెపు చోదకుడు వినే ఇంజను చప్పుడు ఈ లెక్కకు చెవికి అందే రూపమే.

3. గేరు మార్పులోని మూడు పనులు:

గేరు మార్చడం బయటికి ఒకే కదలికలా కనిపించినా అందులో మూడు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది నిర్ణయం: ఎప్పుడు, ఏ గేరుకు మారాలి.
రెండవది విడదీత: క్లచ్చి ద్వారా ఇంజనును గేరుపెట్టె నుంచి క్షణకాలం వేరుచేసి తిరిగి కలపడం.
మూడవది ఎంపిక: లివరు ద్వారా ఒక పళ్ళచక్రపు జతను వదిలించి మరొక జతను పట్టించడం.

సంప్రదాయ మాన్యువల్ వ్యవస్థలో ఈ మూడూ మనిషివే. ఎడమకాలు క్లచ్చి తొక్కుతుంది, చేయి లివరును జరుపుతుంది, చెవి, కన్ను, వెన్ను కలిసి నిర్ణయిస్తాయి. మలుపుకు ముందు గేరు తగ్గించేటప్పుడు కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కుతూనే మడమతోనో, పాదపు అంచుతోనో యాక్సిలరేటరును తట్టి ఇంజను వేగాన్ని రాబోయే గేరుకు సరిపోల్చడం పందెపు చోదకుల ప్రసిద్ధ విద్య. అది తప్పితే వెనుక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకొని కారు తిరిగిపోయే ప్రమాదముంది.

పూర్తి ఆటోమేటిక్ వ్యవస్థలో ఈ మూడూ యంత్రానివే. అయితే ఈ రెండు కొసల మధ్య అనేక మెట్లున్నాయి. ఆ మెట్లను గుర్తించకపోవడం వల్లనే ‘మాన్యువల్ మేలా, ఆటోమేటిక్ మేలా’ అన్న వాదం తరచు గాలిలో కత్తి దూసినట్లవుతుంది.

4. వ్యవస్థల రకాలు:

1939లో జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం ప్రవేశపెట్టిన ‘హైడ్రామాటిక్’ పెద్ద సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేరుపెట్టె. తరువాతి ఆటోమేటిక్‌లలో స్థిరపడిన టార్క్ కన్వర్టరు క్లచ్చి పలకకు బదులు నూనె ప్రవాహంతో శక్తిని అందిస్తుంది. ప్రయాణం మెత్తగా సాగుతుంది. కాని నూనె జారుడులో కొంత శక్తి వృథా అయ్యేది, గేరు మార్పు మందకొడిగా ఉండేది. ‘ఆటోమేటిక్ కారు సోమరి కారు’ అన్న అపప్రథ ఆనాటిది.

మామూలు మాన్యువల్ గేరుపెట్టెకే క్లచ్చిని, లివరును కదిపే యాంత్రిక హస్తాలను తగిలిస్తే ఏర్పడేది ఏఎంటీ. జంట క్లచ్చి పద్ధతిలో బేసి గేర్లకు ఒక క్లచ్చి, సరి గేర్లకు మరొక క్లచ్చి ఉంటాయి. కారు మూడవ గేరులో నడుస్తుండగానే నాల్గవది సిద్ధంగా పట్టుకొని ఉంటుంది. మారవలసినప్పుడు ఒక క్లచ్చి వదులుతూ ఉండగా మరొకటి పట్టుకుంటుంది, శక్తి ప్రవాహం దాదాపు తెగదు. సీవీటీలో మెట్లే ఉండవు. వ్యాసం మారగల రెండు కప్పీల నడుమ పట్టీనో, గొలుసో నడుస్తూ నిష్పత్తిని నిరంతరం మారుస్తుంది.

పందెపు కార్లలో విస్తృతంగా వాడే వరుస గేరుపెట్టె ఇంకొక జాతి. అందులో ఒక గేరు నుంచి పక్క గేరుకే పోగలం, మధ్యది దాటలేం. వీధి కార్లలో పళ్ళచక్రాల వేగాలను మెత్తగా సరిపోల్చే సింక్రోనైజరు ఇందులో ఉండదు. మోటైన పళ్ళు నేరుగా ఒకదానినొకటి పట్టుకుంటాయి. చప్పుడు ఎక్కువ, మన్నిక తక్కువ, వేగం అధికం.

5. పందేల చరిత్రలో కీలక ఘట్టాలు:

ఆటోమేటిక్ పందేలకు పనికిరాదన్న నమ్మకాన్ని తొలుత కదిలించినది అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన జిమ్ హాల్. ఆయన చాపరల్ కార్లు టార్క్ కన్వర్టరుతో పరుగెత్తాయి. 1965లో సీబ్రింగ్ 12 గంటల పందేన్ని హాల్, హాప్ షార్ప్ జంట గెలిచింది. 1966లో చాపరల్ 2డీ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల పందెంలో నెగ్గింది. ఎడమకాలికి క్లచ్చి పని తప్పడంతో అది వేరే పనులకు దొరికింది. తరువాతి చాపరల్ కారులో ఎత్తైన వెనుక రెక్క వాలును ఆ కాలితోనే మార్చేవారు. యంత్రం ఒక పనిని తీసుకుంటే మనిషి మరొక పనిని చేపడతాడన్న సూత్రానికి ఇది తొలి నిదర్శనం.

1980లలో పోర్షే సంస్థ జంట క్లచ్చిని దీర్ఘదూర పందేలలో పరీక్షించింది. 1986లో మోంజా పందెంలో అది గెలుపు చవిచూసింది. అయితే బరువు, మన్నికల సమస్యల వల్ల అది వీధి కార్లకు చేరడానికి చాలా కాలం పట్టింది. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32 కారులో జంట క్లచ్చి తొలిసారి సామాన్య విక్రయానికి వచ్చింది.

అసలైన మలుపు 1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రీ. జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 కారులో గేరు లివరు లేదు. స్టీరింగు వెనుక రెండు రేకులున్నాయి. ఒకటి లాగితే గేరు పెరుగుతుంది, మరొకటి లాగితే తగ్గుతుంది. లివరును తొలగిస్తే చోదకుడి గది ఇరుకుగా, గాలిని చీల్చుకుపోయే తీరులో మలచవచ్చన్నది బర్నార్డ్ ఉద్దేశాలలో ఒకటి. నైజెల్ మాన్సెల్ ఆ కారు పరుగెత్తిన తొలి పందెమే గెలిచాడు. మిగిలిన సీజనులో అది తరచు మొరాయించింది. కాని దారి తెరుచుకున్నది. ఇక్కడ యంత్రం చేసినది విడదీత, ఎంపిక మాత్రమే, నిర్ణయం మనిషిదే.

పాత, కొత్త పద్ధతులు ఒకే రోజున పరీక్షకు నిలిచిన సందర్భం 1991 బ్రెజిల్ గ్రాండ్ ప్రీ. అయర్టన్ సెన్నా నడిపిన మెక్లారెన్ కారులో చేతి లివరు ఉన్నది. మాన్సెల్ నడిపిన విలియమ్స్ కారులో స్టీరింగు రేకులున్నాయి. రెండు గేరుపెట్టెలూ చెడిపోయాయి. మాన్సెల్ పందెం విడిచాడు. సెన్నా ఒక్కొక్క గేరును కోల్పోతూ చివరి చుట్లను ఆరవ గేరులోనే ఈడ్చుకొచ్చి గెలిచాడు, కారు దిగలేనంతగా అలసిపోయాడు. మాన్యువల్ పక్షాన మాట్లాడేవారు ఈ పందేన్ని తరచు ఉదాహరిస్తారు. కాని దీని నుంచి మాన్యువల్ శ్రేష్ఠమన్న నిర్ణయం రాదు. చెడిన యంత్రంతో బేరమాడగల అవకాశం చేతి లివరులో కొంత ఎక్కువ అన్నంతవరకే చెప్పగలం. 1990ల మధ్యకు ఫార్ములా వన్‌లో చేతి లివరు కనుమరుగైంది.

6. వేగపు గణితం:

ఈ మార్పు అనివార్యం కావడానికి కారణం చిన్న లెక్క. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 50 మీటర్లు సాగుతుంది. చేతితో గేరు మార్చడానికి అర సెకను పడితే 25 మీటర్ల దూరం చక్రాలకు శక్తి అందదు. అదే మార్పు సెకనులో ఇరవయ్యోవంతులో ముగిస్తే ఆ లోటు రెండున్నర మీటర్లు మాత్రమే. ఒక చుట్టులో నలభై సార్లు గేరు మారుతుందనుకుంటే ఈ తేడా పేరుకొనే తీరు ఊహించవచ్చు. 2000ల మధ్య నుంచి ఫార్ములా వన్ జట్లు శక్తి తెగకుండా మారే పెట్టెలను సాధించడంతో ఆ లోటు కూడా దాదాపు మాయమైంది.

రెండవ కారణం భద్రత. ఐదవ గేరు నుంచి నాల్గవదానికి పోవలసిన చేయి తొందరలో రెండవదానికి పోతే ఇంజను హద్దు మీరి తిరిగి పగిలిపోతుంది. యంత్రం అటువంటి కోరికను తిరస్కరిస్తుంది.

7. నియమావళి: యంత్రాన్ని ఆపిన సందర్భాలు:

పందెం వేగం కోసమే అయితే పూర్తి ఆటోమేటిక్ ఎప్పుడో సర్వత్రా నెలకొనవలసింది. అలా జరగలేదు. 1993లో విలియమ్స్ జట్టు ఫార్ములా వన్ కారులో సీవీటీని పరీక్షించింది. ఇంజను ఒకే స్వరంలో అరుస్తూ ఉండగా కారు వేగం పెరుగుతూ పోయింది. 1994 నియమాలు స్థిరమైన గేర్లను తప్పనిసరి చేయడంతో అది పందెం ముఖం చూడలేదు. 2001 నుంచి 2003 వరకు పూర్తి ఆటోమేటిక్ గేరు మార్పునకు అనుమతి లభించింది, 2004లో నిషేధం వచ్చింది. నాటి నుంచి ప్రతి గేరునూ చోదకుడే కోరాలి. 2014 నుంచి ముందుకు ఎనిమిది గేర్లు.

ఇతర పందేలలోనూ ఇదే తడబాటు కనిపిస్తుంది. 2022లో అమెరికా నాస్కార్ కార్లు నాలుగు గేర్ల పాత లివరును విడిచి ఐదు గేర్ల వరుస పెట్టెకు మారాయి. లివరు మాత్రం చేతిలోనే ఉంచాయి. అదే ఏడాది ప్రపంచ ర్యాలీ పోటీలలో ఖర్చు తగ్గింపు కోసం స్టీరింగు రేకులను తొలగించి, ఐదు గేర్ల చేతి లివరును తిరిగి తెచ్చారు. క్రీడ యంత్రాన్ని పూర్తిగా ఒప్పుకోదు, పూర్తిగా కాదనదు. నిర్ణయాన్ని మనిషికి మిగిల్చి, శ్రమను యంత్రానికి అప్పగించడమే చాలావరకు కుదిరిన రాజీ.

వీధి క్రీడాకార్ల విపణి కూడా ఇటువంటి రాజీనే చూపుతుంది. 2013లో పోర్షే 911 జీటీ3 జంట క్లచ్చితో మాత్రమే వచ్చింది. అభిమానులు నొచ్చుకున్నారు. 2017 రూపంలో మాన్యువల్ మళ్ళీ ఐచ్ఛికంగా లభించింది. అమెరికా క్రీడాకారు కార్వెట్ మాత్రం 2020 నమూనా నుంచి జంట క్లచ్చినే నమ్ముకున్నది. గడియారంతో పోటీపడేవాడికి ఒకటి, నడపడంలోని ఆనందం కోరేవాడికి మరొకటి అన్న విభజన స్థిరపడింది.

8. పెనుకొండ: ఒకే కప్పు కింద అన్ని మెట్లు:

విజయనగర రాజులకు తళ్ళికోట యుద్ధం తరువాత రాజధానిగా నిలిచిన పెనుకొండ నేడు కార్లకు ప్రసిద్ధి. 2017లో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని ఎర్రమంచి వద్ద ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం నెలకొల్పింది. 2019 ఆగస్టులో సెల్టాస్ కారు విపణికి వచ్చింది. అప్పటికి పెనుకొండ అనంతపురం జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

సెల్టాస్ తొలి శ్రేణిలోనే ఆరు గేర్ల మాన్యువల్, సీవీటీ జాతికి చెందిన ఐవీటీ, టార్క్ కన్వర్టరు ఆటోమేటిక్, ఏడు గేర్ల జంట క్లచ్చి నాలుగూ ఉన్నాయి. 2020 సెప్టెంబరులో వచ్చిన సోనెట్ కారులో ఐఎంటీ అనే ఐదవ మార్గం చేరింది. ఇందులో ‘హెచ్’ ఆకారపు గేరు లివరు ఉంటుంది, క్లచ్చి పెడలు ఉండదు. చేయి లివరును తాకి జరపబోయిన ఉద్దేశాన్ని ఒక సెన్సరు గ్రహిస్తుంది, ఆ సంకేతంతో ద్రవపీడన యంత్రం క్లచ్చిని విడదీస్తుంది. అనగా నిర్ణయం, ఎంపిక మనిషివి, విడదీత మాత్రం యంత్రానిది. మూడు పనుల విభజన కేవలం సిద్ధాంతం కాదనడానికి ఇది ప్రత్యక్ష సాక్ష్యం.

పందెపు విద్య సామాన్యుడి కారుకు చేరిన తీరుకు ఇంకొక ఉదాహరణ ఏఎంటీ. ఫెరారీ గేరు వ్యవస్థతో అనుబంధమున్న ఇటలీ సంస్థ మాన్యెటి మరెల్లి సమకూర్చిన ఏఎంటీతోనే 2014లో మారుతి సెలెరియో భారత విపణిలోకి వచ్చింది. 1989 బ్రెజిల్ నుంచి భారతీయ మధ్యతరగతి ఇంటికి ఆ విద్య చేరడానికి పట్టిన కాలం పాతికేళ్ళు.

9. హైదరాబాద్ 2023: గేరే లేని పందెం:

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం జరిగింది. దేశంలో ఫార్ములా ఈ పందెం అదే మొదటిది. తెలుగు నేలపై జరిగిన ఆ పందెంలో మాన్యువల్, ఆటోమేటిక్ అన్న ప్రశ్నకే తావు లేదు. ఎందుకంటే ఆ విద్యుత్ కార్లకు ఒకే నిష్పత్తి.

విద్యుత్ మోటారు నిశ్చల స్థితి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, అతి వేగంగానూ తిరగగలదు. రెండవ విభాగంలో చెప్పుకొన్న పొత్తు సమస్య దానికి చాలావరకు లేదు. అయినా 2014-15 నాటి తొలి ఫార్ములా ఈ కార్లకు ఐదు గేర్లుండేవి. తరువాత జట్లు గేర్లను తగ్గించుకుంటూ పోయి చివరకు ఒక్కదానితో నిలిచాయి. గేరు మారేటప్పుడు తెగే శక్తి, పెట్టె బరువు కలిసి గేర్ల వల్ల కలిగే లాభాన్ని మింగేశాయి.

మరి చోదకుడి నైపుణ్యం ఏమైంది? హైదరాబాద్ పందెం చివరి చుట్లు దీనికి సమాధానం చెబుతాయి. ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో వెంటబడుతున్న నిక్ కాసిడీకి ఉన్నదానికంటే తక్కువ శక్తి మిగిలి ఉన్నది. ఎక్కడ యాక్సిలరేటరు వదలాలి, బ్రేకు ద్వారా ఎంత శక్తిని తిరిగి రాబట్టాలి, ఏ మలుపులో దారి మూయాలి అన్న లెక్కలతో వెర్న్ అర సెకనులోపు తేడాతో గెలిచాడు. మూడవ స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బుయెమీ అనుమతికి మించిన విద్యుత్ శక్తిని వాడినందుకు ఆ స్థానం కోల్పోయాడు. గేరు లివరు దగ్గర ఉండే జాగ్రత్త విద్యుత్ పొదుపు దగ్గరకు మారింది. చేయి విశ్రమించింది, లెక్క మేలుకొన్నది.

10. లాభనష్టాలు:

క్లచ్చి పెడలు రెండు కాళ్ళూ చక్కగా పనిచేసేవారికే చోదకత్వాన్ని పరిమితం చేస్తుంది. 2001 ప్రమాదంలో రెండు కాళ్ళూ కోల్పోయిన ఇటలీ చోదకుడు అలెక్స్ జనార్డి, చేతి నియంత్రణలు అమర్చిన కారుతో 2019లో డేటోనా 24 గంటల పందెంలో పాల్గొన్నాడు. యంత్రం గేరు పనిని తీసుకోకపోతే ఇటువంటి పునరాగమనం ఊహించడం కష్టం.

నష్టం వైపు చూస్తే, చోదకుడు ఇంజను స్వరాన్ని వినడం మరచిపోతాడు. దీనికి చట్టంలోనూ ఒక వింత ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం పదవ సెక్షను మోటారుసైకిళ్ళను గేరున్నవి, గేరులేనివి అని విడదీసింది. తేలికపాటి కార్లలో ఆ విభజన చేయలేదు. క్లచ్చి ఎన్నడూ తొక్కని వ్యక్తికి కూడా క్లచ్చి కారు నడిపే అర్హత చట్టరీత్యా లభిస్తుంది. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారికి ఆటోమేటిక్ కార్లకే అనుమతి. ఆటోమేటిక్ కార్లు పెరిగేకొద్దీ ఈ అంతరం చర్చకు రావలసి ఉన్నది.

11. ముగింపు:

1. గేరు మార్పు ఒక పని కాదు. నిర్ణయం, విడదీత, ఎంపిక అనే మూడు పనుల సమాహారం. మాన్యువల్, ఆటోమేటిక్ అన్నవి దాని రెండు కొసలు మాత్రమే.
2. వేగం దృష్ట్యా యంత్రం గెలిచింది. అయినా ఫార్ములా వన్ నియమావళి నిర్ణయాన్ని మనిషికే మిగిల్చింది. పందెం మనుషుల మధ్య జరగాలన్నదే దాని అంతరార్థం.
3. పెనుకొండలో తయారయ్యే కార్లు ఈ మెట్లలో అధిక భాగాన్ని ఒకే చోట చూపుతున్నాయి. ఐఎంటీ వంటి వ్యవస్థను పాత ద్వంద్వంతో వర్ణించడం సాధ్యం కాదు.
4. హైదరాబాద్ పందెం నిరూపించినట్లు, గేరు మాయమైనా నైపుణ్యం మాయం కాదు, స్థానం మార్చుకుంటుంది.
5. గుమ్మఘట్ట చేనులో నేల గట్టిదనాన్ని ఇంజను చప్పుడుతో పసిగట్టి గేరు దించే ట్రాక్టరు డ్రైవరుకు, మలుపుకు ముందు రేకు లాగే పందెపు చోదకుడికి ఉన్న జ్ఞానం ఒకే జాతికి చెందినది. ఒకరి జ్ఞానానికి ప్రపంచవ్యాప్త ప్రచారమున్నది, మరొకరి జ్ఞానానికి పేరు కూడా లేదు. శ్రమజీవుల ఈ యంత్రజ్ఞానాన్ని, దానిని మోసే మాటలను నమోదు చేయడం తెలుగు పరిశోధకుల ముందున్న పని. యంత్రం ఆ చేతి పనిని పూర్తిగా తీసుకోకముందే అది జరగాలి.